నాన్నమ్మ తిథి, పన్నెండుంపావు

చిరంజీవులైన పిల్లలకు, చిన్నతాతయ్య ఆశీస్సులు.

మొన్న నాన్నమ్మ ఆబ్దికం నాడు మీరడిగిన దానికి వడ్డన హడావిడిలో జవాబు చెప్పలేకపోయాను. నాన్నమ్మ పోయింది 2024 ఫిబ్రవరి 16 తెల్లవారుజామున. నిరుడు ఫిబ్రవరి 4న పెట్టాం, ఈసారి జనవరి 25న. "ప్రతిసారీ తప్పు రోజున చేస్తున్నామా తాతయ్యా?" అని కదా మీ అనుమానం.

లేదమ్మా, మూడూ ఒకటే రోజు. మాఘ శుద్ధ సప్తమి, అంటే రథసప్తమి. తద్దినం అనే మాటకు అర్థమే "ఆ రోజు" అని. విసుగు పుట్టించే ప్రతి పనినీ "ఇదో తద్దినం" అనేస్తుంటారు. మీరు అనకండి, మంచి మాట అది.

గోడ గడియారం ముందు నిలబడండి. పెద్దముల్లు చంద్రుడు, చిన్నముల్లు సూర్యుడు. పన్నెండింటికి రెండూ ఒకదానిమీద ఒకటి ఉంటాయి. అది అమావాస్య. పెద్దముల్లు ఒక చుట్టు తిరిగి మళ్లీ పన్నెండు మీదికి వచ్చేసరికి చిన్నముల్లు అక్కడ ఉండదు, ఒకటి మీదికి జరిగిపోతుంది. దాన్ని అందుకోవడానికి ఇంకో అయిదు నిమిషాల పైచిలుకు పడుతుంది. చంద్రుడూ అంతే. బయల్దేరిన నక్షత్రం దగ్గరికి 27 రోజుల చిల్లరలో వచ్చేస్తాడు, ఈలోగా సూర్యుడు ముందుకు జరిగి ఉంటాడు. ఆయన్ని అందుకోవడానికి మరో రెండు రోజుల పైన. మొత్తం ఇరవై తొమ్మిదిన్నర రోజులు, అదీ మన నెల.

ముళ్ల మధ్య ఎడం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి గడిచినట్టు. గడియారం మీద అది రెండు నిమిషాల గీతలంత. మొదటి రెండు గీతలు పాడ్యమి, తర్వాతి రెండు విదియ. 72 డిగ్రీల నుంచి 84 దాకా సప్తమి. గడియారం పన్నెండుంపావు చూపించినప్పుడు ముళ్ల మధ్య ఉండేది 82న్నర డిగ్రీలు. అదే నాన్నమ్మ సప్తమి. ఇక ఏ రోజైనా పన్నెండుంపావు అయినప్పుడు ఒకసారి గోడవైపు చూడండి.

ముళ్లు ఒకే వేగంతో నడుస్తాయి, చంద్రుడు అలా నడవడు. భూమికి దగ్గరైనప్పుడు జోరుగా, దూరమైనప్పుడు నెమ్మదిగా వెళ్తాడు. అందుకే ఒక తిథి 19 గంటల్లో అయిపోవచ్చు, 26 గంటల దాకా సాగవచ్చు. ఏ వేళకైనా మారవచ్చు. ఆ ఫిబ్రవరి 16న ఉదయం తొమ్మిది కాకముందే సప్తమి వెళ్లిపోయింది. నాన్నమ్మ మధ్యాహ్నం పోయి ఉంటే అష్టమి అయ్యేది, తేదీ మాత్రం అదే. ఎవరైనా పోయారనగానే పెద్దవాళ్లు "ఎన్నింటికి?" అని అడగడం చూసి కొందరు నొచ్చుకుంటారు. ఆ గంట రాసిపెట్టుకోకపోతే తర్వాత ప్రతి ఏడూ తిథి దగ్గర తగవే. ఊరు కూడా రాయాలి. ఇక్కడ 16 పొద్దున సప్తమి ముగిసేసరికి డల్లాస్‌లో ఇంకా 15 రాత్రే. అమెరికాలో పెట్టేవాళ్లు అక్కడికి గుణించిన పంచాంగమే చూసుకోవాలి.

తిథి రెండు రోజుల మీద పడితే అపరాహ్ణంలో ఏది ఉందో చూస్తారు. పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. ఆరింటికి పొద్దుపొడిచి ఆరింటికి గుంకే రోజున 1-12 నుంచి 3-36 దాకా. ఆ రోజు మీరు ఆకలితో అంతసేపు కూర్చోవలసి వచ్చింది అందుకే.

పన్నెండు చాంద్ర మాసాలు కలిపితే 354 రోజులే. ఏటా పదకొండు రోజులు వెనక్కి జరిగి, మూడేళ్ల లోపే ఒక అధిక మాసంతో సర్దుకుంటుంది. ఈ ఏడు మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. కాబట్టి వచ్చే రథసప్తమి 2027 ఫిబ్రవరి 13. పందొమ్మిదేళ్లకు తిథీ తేదీ మళ్లీ కలుస్తాయి. 2043లో ఫిబ్రవరి 16కే, ఒక రోజు అటూ ఇటూగా. మా చిన్నప్పుడు ఊళ్లో ఎవరి పుట్టినరోజు అడిగినా "వినాయక చవితి వెళ్లిన మర్నాడు" అన్నట్టే చెప్పేవారు. తేదీ కావాలంటే బళ్లో చేర్చేటప్పుడు మేష్టారే ఒకటి వేసేవారు. ఏ తిథిన పోయారో తెలియని పెద్దలకు భాద్రపద అమావాస్య ఉంది, తెలంగాణలో పెత్తరమాస అంటారు. ఆ రోజు అందరినీ తలుచుకుంటారు.

ఇంకొకటి మీరు చూసే ఉంటారు. మీ నాన్న జంధ్యం కుడి భుజం మీదికి మార్చుకుని, నువ్వులూ నీళ్లూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి వదిలాడు. మూడు పిండాలు పెట్టాడు. ఒకటి నాన్నమ్మకు, ఒకటి ఆవిడ అత్తగారికి, మూడోది ఆ అత్తగారి అత్తగారికి. మీకు ఆవిడ ఎప్పుడూ నాన్నమ్మే. పిండం పెట్టేటప్పుడు పేరు పెట్టి పిలిచే ఆ పిలుపులో మాత్రం ఒకింటికి వచ్చిన కోడలు, పేరూ గోత్రమూ ఉన్న మనిషి. ఆ పేరు మీరు గట్టిగా వినడం బహుశా అక్కడే. ఆవిడ వరుసలో చేరాక అంతవరకూ మూడో చోట ఉన్న పేరు పిలుపులోంచి తప్పుకుంది. అది ఇప్పుడు ఎవరి నోటా రాదు. ఆ పేరు నాన్నను అడిగి ఒక నోటు పుస్తకంలో రాయండి. పక్కన నాన్నమ్మ తిథి, గంట, ఊరు.

ఫిబ్రవరి 13 సాయంత్రం డాబా ఎక్కండి. చంద్రుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, సగానికి కాస్త తక్కువగా, పడమటి వైపు వెలుగుతూ. నాన్నమ్మ చివరి సాయంత్రం ఆకాశంలో ఉన్నదీ అదే చంద్రుడు. చేయి బాగా చాచి, పొద్దు గుంకిన చోటు నుంచి చంద్రుడి దాకా జానలతో కొలవండి. జానకు ఇరవై డిగ్రీలు లెక్క. నాలుగు రావాలి. మీకెన్ని వచ్చాయో ఉత్తరం రాయండి.

మీ
చిన్నతాతయ్య