క్యాన్సర్ ట్రయల్ అంకెలు: అపోహలు - వాస్తవాలు

గుంటూరు కొత్తపేటలో నా ఓపీకి వచ్చేవాళ్ళు ఈమధ్య ఫైలుతో పాటు ఫోన్ కూడా తీసి చూపిస్తున్నారు. "ఈ మందుతో చనిపోయే ప్రమాదం 18 శాతం తగ్గిందట, మా నాన్నకు ఎందుకు రాయలేదు డాక్టర్ గారూ?" అని. అడగడం మంచిదే. కానీ ఆ 18 దేని లెక్కో తేల్చుకోకుండా పొలం బేరం పెట్టకండి.

అపోహ: ప్రమాదం 18 శాతం తగ్గిందంటే వందలో 18 మంది అదనంగా బతుకుతారు.

వాస్తవం: కాదు, అది హజార్డ్ రేషియో. ఆ 18 శాతం పాంక్రియాస్ క్యాన్సర్‌లో జెమ్‌సిటబిన్ అనే కీమో మందుకు ఎర్లోటినిబ్ అనే మాత్ర కలిపి చూసిన ట్రయల్‌లోది, 2007లో అచ్చయింది, 569 మంది పేషెంట్లు. రేషియో 0.82 వచ్చింది, అంటే ట్రయల్ నడిచిన కాలమంతటా కలిపి చూస్తే, అప్పటికి బతికి ఉన్నవాళ్ళలో మరణాలు సంభవించే వేగం, ఎర్లోటినిబ్ కలపని గ్రూపు కంటే కలిపిన గ్రూపులో 18 శాతం తక్కువన్నమాట. మరి ఎంతకాలం కలిసొచ్చింది? మీడియన్, అంటే సగం మంది చనిపోయేసరికి పట్టిన కాలం, 5.91 నెలల నుంచి 6.24 నెలలకు పెరిగింది, అంటే ఓ పది రోజులు. ఏడాది తర్వాత బతికి ఉన్నవాళ్ళు వందకు 17 నుంచి 23 అయ్యారు. దద్దుర్లు, విరేచనాలు అదనం. మూడు అంకెలూ నిజమే, వాట్సాప్‌కు ఎక్కేది మాత్రం 18 ఒక్కటే!

అపోహ: పీ వాల్యూ 0.05 లోపు ఉంటే మందు 95 శాతం పనిచేస్తుంది.

వాస్తవం: ఆ పది రోజుల ట్రయల్‌లోనే పీ వాల్యూ 0.038, పాసైపోయింది. మందుకు అసలు ప్రభావమే లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా, లేదా ఇంతకంటే పెద్ద తేడా కనబడే అవకాశం ఎంత అన్నది మాత్రమే అది చెబుతుంది. తేడా పెద్దదా చిన్నదా అన్నది దానికి పట్టదు. అందుకే నేను ముందు కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, అంటే అసలు రేషియో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉండొచ్చన్న అంచనా, చూస్తాను: ఇక్కడ 0.69 నుంచి 0.99. అంటే ఆ 18 శాతం నిజానికి 31 కావచ్చు, 1 కూడా కావచ్చు.

అపోహ: మీడియన్ పది నెలలంటే మనిషికి పది నెలలే గడువు.

వాస్తవం: ఇళ్ళల్లో ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ మాటే. సగం మంది ఆలోపు చనిపోయారు, మిగతా సగం దాటారు, అంతే. ఎంత దాటారన్నది మీడియన్‌లో కనబడదు. ముంబయి టాటా మెమోరియల్ వాళ్ళు ముదిరిన తల, మెడ క్యాన్సర్లలో నోటి కీమో మాత్రలకు నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు 20 మిల్లీగ్రాములు, అంటే మామూలు డోసులో పదో వంతు కంటే తక్కువ, మూడు వారాలకోసారి కలిపి చూశారు. మీడియన్ 6.7 నెలల నుంచి 10.1కి వెళ్ళింది. మూడు నెలలేనా అనిపిస్తుంది కదా, కానీ ఏడాది దగ్గర చూడండి: మాత్రలతోనే ఉన్నవాళ్ళలో వందకు 16 మంది మిగిలితే, కలిపి ఇచ్చినవాళ్ళలో 43 మంది.

అపోహ: జబ్బు పెరగకుండా ఆగితే ఆయుష్షు కూడా పెరిగినట్టే.

వాస్తవం: ఒక్కోసారి పెరుగుతుంది, ఒక్కోసారి పెరగదు. రొమ్ము క్యాన్సర్‌లో బెవాసిజుమాబ్ అనే మందు జబ్బు పెరగని కాలాన్ని 5.9 నుంచి 11.8 నెలలకు పెంచిందని 2008లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. తర్వాతి ట్రయల్స్‌లో ఆ లాభం తగ్గిపోయింది, ఆయుష్షు పెరిగినట్టు ఎక్కడా తేలలేదు. 2011లో ఆ అనుమతి వెనక్కి తీసుకున్నారు.

ఇక ట్రయల్ వార్తల్లో "40 శాతం రెస్పాన్స్" అని కనబడితే, దానర్థం 40 శాతం మందికి నయమైందని కాదు. స్కాన్‌లో కొలిచిన గడ్డల పొడవులన్నీ కలిపి కనీసం 30 శాతం తగ్గితే చాలు, ఆ పేషెంటును అందులో లెక్కేస్తారు.