మానిపోయిన పుండు

సిఫిలిస్ అనే లైంగిక వ్యాధిలో వచ్చే పుండు నొప్పి పెట్టదు. క్రిమి ఒంట్లో చేరిన సుమారు మూడు వారాలకు జననాంగం మీదో, మలద్వారం దగ్గరో, ఒక్కోసారి పెదవి మీదో గట్టి అంచుతో ఒక పుండు లేస్తుంది. మందు వేసినా వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో దానంతట అదే మానిపోతుంది. ఆ రోజుల్లో పసరు రాసుకున్నవాడికి పసరు మీద, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఏదో సూది వేయించుకున్నవాడికి ఆ సూది మీద, మొక్కుకున్నవాడికి దేవుడి మీద గురి కుదురుతుంది. క్రిమి మాత్రం ఈలోగా రక్తంలో కలిసి ఒళ్లంతా పాకుతుంది. మరికొన్ని వారాలకు అరిచేతుల్లో, అరికాళ్లలో దురద లేని మచ్చలు రావచ్చు. సిమెంటు పనికి వెళ్లేవాళ్లు సిమెంటు పడలేదనుకుంటారు. అవీ పోతాయి. ఆపైన ఏళ్ల తరబడి ఏ గుర్తూ ఉండదు. ఆ కాలమంతా దాని జాడ చెప్పేది రక్తపరీక్షే. పట్టించుకోకుండా వదిలేసిన కొందరిలో చివరికి గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాన్నీ, మెదడునూ దెబ్బతీస్తుంది.

లైంగిక వ్యాధుల విషయంలో నేను అన్నిటికన్నా అనుమానించే మాట ‘తగ్గిపోయింది’ అన్నదే. సెగరోగాన్ని (గనేరియాను) చూడండి. మగవాళ్లలో సాధారణంగా వారం తిరక్కుండానే మూత్రంలో మంట, చీము మొదలవుతాయి. మంటకు మన ఇళ్లలో తేల్చే కారణం ఒకటే: వేడి చేసింది. పాలమూరు ఎండల్లో నీళ్లు చాలక నిజంగానే మంట పుట్టవచ్చు. కానీ చీము కారుతుంటే అది మజ్జిగకో, సబ్జా గింజలకో లొంగే సంగతి కాదు. మందుల దుకాణంలో అడిగితే ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్‌కు కూడా లొంగదు. సల్ఫా మందులు, పెన్సిలిన్, సిప్రోఫ్లాక్సాసిన్, వరసగా ఒక్కోదాన్నీ ఈ క్రిమి ఓడించుకుంటూ వచ్చింది.

అసలు చిక్కు ఆడవాళ్ల దగ్గర. సెగరోగమూ, దానికి తోడుగా తరచు కనిపించే క్లామిడియా అనే సాంక్రమికమూ చాలామంది స్త్రీలలో ఏ లక్షణమూ చూపవు. కనిపించినా తెల్లబట్ట అనుకుని ఊరుకుంటారు. లోపల గర్భనాళాలు వాచి, అతుక్కుని మూసుకుపోయే ప్రమాదముంది. భర్త తనకు మంట పుట్టినప్పుడు మాత్రలు మింగి బాగుపడతాడు. ఏమీ తెలియని భార్య మీద నాలుగేళ్ల తర్వాత గొడ్రాలన్న నింద పడుతుంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ నీళ్లూ తేటగానే ఉంటాయి. పరీక్ష చేస్తేగాని సంగతి బయటపడదు.

పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇందుకోసం సురక్ష క్లినిక్‌లు ఉంటాయి. ఎక్కడున్నదీ తెలియకపోతే చర్మవ్యాధుల విభాగం ఎక్కడని అడిగితే చాలు, అడగడానికి సిగ్గుపడాల్సిన పనీ ఉండదు. పరీక్షకూ మందుకూ డబ్బు తీసుకోరు. ల్యాబు ఫలితం వచ్చేదాకా ఆగకుండా లక్షణాన్ని బట్టి వెంటనే మందు ఇచ్చే పద్ధతి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమంలో ఏళ్లుగా ఉంది. దానికి రంగురంగుల ప్యాకెట్లు ఉన్నాయి. చీముకు బూడిద రంగు: సెఫిక్సీమ్ 400 మిల్లీగ్రాములు, అజిత్రోమైసిన్ 1 గ్రాము, ఒకే మోతాదు. అందులో రెండు మందులు ఎందుకంటే సెగరోగమూ క్లామిడియా కలిసి వచ్చే అవకాశం ఎక్కువ. జననాంగం మీది పుండుకు తెలుపు, నీటి పొక్కుల హెర్పిస్‌కు ఎరుపు. సామాన్యుడికి ఇది మేలైన ఏర్పాటు. రెండోసారి రమ్మంటే రోజు కూలి పోగొట్టుకుని వచ్చేవాళ్లు ఎంతమంది? అయితే లక్షణం లేనివాళ్లు ఈ జల్లెడలోంచి జారిపోతారు. అందుకే మందు తీసుకున్నాక కూడా సిఫిలిస్, హెచ్‌ఐవీ రక్తపరీక్షలు చేయించుకోవాలి, జీవిత భాగస్వామికీ చికిత్స ఇప్పించాలి. లేకపోతే ఆసుపత్రిలో తగ్గిన రోగం ఇంట్లో మళ్లీ అంటుకుంటుంది.

సిఫిలిస్‌కు మందు మాత్రం ఇప్పటికీ పాతదే. 1943లో అమెరికాలో జాన్ మహొనీ పెన్సిలిన్‌తో దీన్ని నయం చేసి చూపించాడు. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఈ క్రిమి పెన్సిలిన్‌ను ఎదిరించడం నేర్చుకోలేదు. తొలి దశలో 24 లక్షల యూనిట్ల బెంజథిన్ పెన్సిలిన్ ఒక్కసారి ఇస్తారు. సాధారణంగా రెండు పిరుదుల్లో చెరి సగం. ఆ నొప్పి గురించి అబద్ధం చెప్పను, బాగానే ఉంటుంది. రోగం ఏడాది దాటినదైతే, ఎప్పటిదో తెలియకపోతే, వారానికొకటి చొప్పున మూడు. ఈ క్రిమి చాలా నెమ్మదిగా, రోజు దాటితేగాని రెండుగా చీలదు. చీలేందుకు కొత్త గోడ కట్టుకునేటప్పుడే పెన్సిలిన్ దాన్ని చంపగలదు. కాబట్టి రక్తంలో మందు కొద్దికొద్దిగా వారాల పాటు ఉండాలి. కండలో నిలిచి నిదానంగా కరిగే బెంజథిన్ రూపం ఆ పనికి సరిపోతుంది. సూది వేసిన రోజే జ్వరం, చలి రావచ్చు. చచ్చే క్రిములు రేపే కలవరం అది, సాధారణంగా ఒక్క రోజులో పోతుంది. మందు పడలేదనుకుని మిగతా సూదులు మానేయకూడదు. పెన్సిలిన్ నిజంగా పడనివాళ్లకు వేరే మందులున్నాయి గానీ, గర్భిణికి, ఆమె కడుపులోని బిడ్డకు రక్షణ ఇస్తుందని నమ్మదగింది పెన్సిలిన్ ఒక్కటే. గర్భిణులకు మొదటి నెలల్లోనే ఈ రక్తపరీక్ష చేయడం అందుకే.

ఇక పరీక్షల సంగతి. నిన్న ఏదో జరిగిందని ఇవాళ పరిగెత్తుకెళ్లి రక్తం ఇస్తే ఏమీ లేదనే వస్తుంది. పరీక్ష పట్టుకునేది క్రిమిని ఎదిరించే ప్రతిరక్షకాలను; అవి ఒంట్లో తయారవడానికి వారాలు పడుతుంది. హెచ్‌ఐవీకి ఇప్పటి పరీక్షలు చాలామందిలో నెలన్నరలో తేల్చేస్తాయి, మూడు నెలలకు మరోసారి చూసుకుంటే నిశ్చింత. వెంటనే పరిగెత్తాల్సింది పరీక్షకు కాదు, మందుకు: హెచ్‌ఐవీ సోకిందన్న భయం ఉంటే ఆ కలయిక జరిగిన 72 గంటల లోపు మందు మొదలుపెట్టి 28 రోజులు వాడితే సోకకుండా ఆపే అవకాశం ఉంది. కొందరు ఉచితంగా పరీక్ష అయిపోతుందని రక్తదానానికి వెళతారు. దయచేసి ఆ పని చేయకండి. పరీక్షకు అందని ఆ తొలి రోజుల రక్తం మరొకరి ఒంట్లోకి ఎక్కుతుంది.

నలుగురికీ తెలుస్తుందన్న భయం మాత్రం ఉత్త భయం కాదు. నల్లగొండ ఆసుపత్రి వరండాలో మేనమామ ఎదురుపడటం వింతేమీ కాదు. హైదరాబాద్ వెళ్లి చేయించుకుంటానంటే తప్పేముంది? బస్టాండు గోడల మీద ‘గుప్తరోగ నిపుణుడు’ అన్న ప్రకటన చూసి లాడ్జి గదికి వెళ్లడం కన్నా అది ఎన్నో రెట్లు మేలు. హెచ్‌ఐవీ విషయంలో 2017 నాటి చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయట పెట్టకూడదు. 1097కు ఫోను చేస్తే పేరు చెప్పకుండానే దగ్గరి కేంద్రం తెలుసుకోవచ్చు. ఈ జబ్బులన్నీ లారీ డ్రైవర్లవీ వలస కూలీలవీ అనుకునే అలవాటు కూడా ఈ భయాన్ని పెంచుతోంది. ఉద్యోగస్తుడు పరీక్షకు రాకపోవడానికి అదొక సాకు.

సిఫిలిస్‌కు చేసే వీడీఆర్‌ఎల్ రక్తపరీక్షలో, రక్తాన్ని ఎన్ని రెట్లు పలచన చేసినా జాడ దొరుకుతోందో చెప్పే 1:32 వంటి అంకె ఒకటి ఉంటుంది. చికిత్సకు ముందు 1:32 ఉన్నది ఆ తర్వాత ఏడాదిలోగా 1:8కి, అంతకన్నా కిందికి దిగిందంటే మందు పనిచేసినట్టు. టీపీహెచ్ఏ అనే మరో పరీక్ష మాత్రం నయమయ్యాక కూడా చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. అది చూసి బెదిరి మళ్లీ మళ్లీ సూదులు వేయించుకునేవాళ్లున్నారు. చూడాల్సిన వీడీఆర్‌ఎల్ అంకెను ఆరు నెలలకు, ఏడాదికి చూపించుకోవాలి. అప్పటికి పాలమూరు మనిషి ముంబయిలోనో పుణెలోనో ఉండవచ్చు. అక్కడి ల్యాబు ఆర్‌పీఆర్ అనే వేరే పరీక్ష చేస్తే దాని అంకెను వీడీఆర్‌ఎల్ అంకెతో పోల్చలేం. పరీక్ష పేరు, తేదీ, అంకె, ఈ మూడూ కాగితం మీద రాసి ఉన్నాయో లేదో ఆసుపత్రి దాటకముందే చూసుకుని, ఫోనులో దాన్ని ఫొటో తీసి పెట్టుకోవాలి.