రంధ్రాలు చెప్పే చరిత్ర: పాత జపాన్ గిటార్లపై అపోహలు - వాస్తవాలు

కిందటి నెలలో ఒక పెద్దాయన పాత దుప్పటిలో చుట్టిన గిటారు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఓడల్లో పనిచేసిన ఆయన తమ్ముడు కుర్రతనంలో జపాన్ రేవులో కొన్నదట. తమ్ముడు ఇప్పుడు లేరు. "ఇది లక్షలు పలుకుతుందని మా అల్లుడు అంటున్నాడు, నిజమేనా బాబూ?" అని అడిగారు. బాడీ అంతా కుంచెతో పూసిన నల్ల రంగు. అసలుకు ఉండకూడని చోట ఒక చిన్న స్విచ్చు. తీగల కదలికను కరెంటుగా మార్చే పికప్‌లు కొత్తవి, తీగలు బిగించే ట్యూనర్లు కొత్తవి. ట్యూనర్లు ఉండే పై కొనను తల అంటాం, దాని మీద మాత్రం గ్రెకో అన్న పేరు చెక్కుచెదరలేదు.

గిటార్లు బాగుచేసే పనిలో ఇలాంటివి నా దగ్గరికి తరచు వస్తుంటాయి. వాటితోపాటు కొన్ని నమ్మకాలూ వస్తాయి. ఆ నమ్మకాల వల్ల కొందరు చవకగా అమ్ముకుని నష్టపోతే, కొందరు ఎక్కువ పెట్టి కొని మోసపోతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: తల మీద ఉన్న పేరే తయారుచేసినవారి పేరు.

జపాన్ గిటార్ల విషయంలో పేరు ఒకరిది, పని ఇంకొకరిది. గ్రెకో అనేది కాండా షోకై అనే వర్తక సంస్థ పెట్టిన పేరు. ఐబనెజ్ నగోయాకు చెందిన హోషినో గక్కిది. ఈ రెండు పేర్లతో 1970లలో వచ్చిన ఎలక్ట్రిక్ గిటార్లలో చాలా భాగం నగానో ప్రాంతంలోని మత్సుమోతో పట్టణంలో, 1960లో మొదలైన ఫుజిజెన్ కర్మాగారంలో తయారయ్యాయి. అదే పట్టణంలో మత్సుమోకు అనే మరో కర్మాగారం ఉండేది. మొదట కుట్టుమిషన్లకు చెక్క పెట్టెలు చేసినవారు, తర్వాత ఆరియా, వెస్టోన్ వంటి పేర్లతో గిటార్లు చేశారు. 1987లో అది మూతపడింది.

1960ల సరుకు ఇంకా చిక్కు. అమెరికా దిగుమతిదారులు ఎవరికి తోచిన పేరు వారు అతికించుకున్నారు. ఇవాళ పేరు లేని ప్రతి పాత జపాన్ గిటారునూ టెయిస్కో అని అమ్మేస్తున్నారు. టెయిస్కో నిజంగా పెద్ద తయారీదారే, 1967లో కవాయి దాన్ని కొనుక్కుంది. కానీ గుయాటోన్ వంటి ఇతరులు చేసినవీ అదే కాలంలో అదే పోలికతో బయటికి వెళ్లాయి. నెక్‌ను బాడీకి బిగించే చోట ఉండే లోహపు పలక మీద 'మేడ్ ఇన్ జపాన్' అని మాత్రమే ఉంటే, అది దేశాన్ని చెబుతుంది తప్ప కర్మాగారాన్ని చెప్పదు. పికప్‌ల ఆకారం, స్విచ్చుల పలక, తల అంచు వంపు పోల్చి చూస్తేనే ఇంటిపేరు తెలుస్తుంది.

అపోహ: క్రమసంఖ్య దొరికితే వయసు తేలిపోయినట్టే.

ఒక్కోసారి తేలుతుంది. పెద్దాయన గిటారు నెక్ వెనుక రంగు పూయలేదు కాబట్టి సంఖ్య కనబడింది. మొదట జి, తర్వాత 78. 1970ల మధ్య నుంచి గ్రెకో, ఐబనెజ్ గిటార్ల మీద కనిపించే పద్ధతి ఇది. అక్షరం నెలను చెబుతుంది, ఎ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబరు. తర్వాతి రెండంకెలు సంవత్సరం. అంటే 1978 జులై. పెద్దాయన చెప్పిన కథతో సరిపోయింది.

కానీ 1975కు ముందు ఐబనెజ్‌లకు సాధారణంగా సంఖ్యలే ఉండవు. 1982లో అమెరికా ఫెండర్ కంపెనీ పేరుతో ఫెండర్ జపాన్ మొదలైనప్పుడు జేవీ, ఆ వెంటనే ఎస్‌క్యూ, 1984 నుంచి ఇ అక్షరంతో సంఖ్యలు వేశారు, ఆ అక్షరాలు నెలను చెప్పవు. నెక్‌ను బాడీకి స్క్రూలతో బిగించే గిటార్లలో నాలుగు స్క్రూలు ఊడదీస్తే చాలు, ఒకదాని నెక్ ఇంకొకదానికి వచ్చేస్తుంది. అందుకే ఆ రకం గిటారు వస్తే నెక్ ఊడదీయకుండా నేను మాట చెప్పను.

సంఖ్య కంటే ఎక్కువ చెప్పే గుర్తు మోడల్ పేరులో ఉంటుంది. ఆ కాలపు జపాన్ కంపెనీలు చాలావరకు మోడల్ పేరులోనే ధర దాచాయి. గ్రెకో ఈజీ 500 అంటే 50,000 యెన్‌లు. టోకాయి అనే మరో జపాన్ కంపెనీ ఎల్‌ఎస్ 80 అంటే 80,000. ఒకే ఏడాది, ఒకే ఆకారం, ఒకే పేరు ఉన్న రెండు గిటార్ల మధ్య చెక్కలో, పికప్‌లలో ఇంత తేడా ఎందుకు ఉందో ఆ అంకెలే చెబుతాయి. వయసు ఒక్కటే చూసి వెలకట్టేవారు ఇక్కడే దెబ్బతింటారు.

అపోహ: అమెరికా గిటార్లను చూసి జపాన్‌లో చేసిన 1970ల కాపీలన్నీ కోర్టు కేసు ఎదుర్కొన్న గిటార్లే.

అమ్మేవారు బాగా వాడుకునే మాట ఇది. జరిగింది ఒకే కేసు. 1977లో అమెరికా గిటార్ల కంపెనీ గిబ్సన్ మాతృసంస్థ నార్లిన్, ఐబనెజ్‌లను అమెరికాలో అమ్ముతున్న ఎల్జర్ మీద ఫిలడెల్ఫియాలోని ఫెడరల్ కోర్టులో దావా వేసింది. గొడవ తల ఆకారం గురించి. తెరిచిన పుస్తకంలా ఉండే పై అంచు తమదని వారి వాదన. 1978లో కోర్టు బయట రాజీ కుదిరింది. విశేషం ఏమిటంటే, దావా పడేనాటికే ఐబనెజ్ ఆ తలను మార్చేసింది. గ్రెకో, టోకాయి ఆ కేసులో ప్రతివాదులే కావు. 'కేసు గిటారు' అన్న పేరుకు ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వకండి. ఇవ్వవలసింది గిటారుకు.

అపోహ: ఖరీదైన అమెరికా పికప్‌లు వేస్తే విలువ పెరుగుతుంది.

వాయించుకునేవారికి మంచి మార్పే కావచ్చు. సేకరించేవారికి మాత్రం ప్రతి మార్పూ ఒక ప్రశ్న. విప్పిన పికప్ మీ దగ్గరే ఉంటే ఆ మార్పును వెనక్కి తిప్పవచ్చు. చెక్కను తొలిస్తే వెనక్కి తిప్పలేం. ఈ రెండింటి మధ్య తేడాయే నా లెక్కలో సగం.

పెద్దాయన గిటారు వెనుక మూత తీశాను. వాల్యూమ్, టోన్ తిప్పే పాట్‌లు నాలుగూ అమెరికావి. జపాన్ పాట్‌కు 7 లేదా 8 మిల్లీమీటర్ల రంధ్రం సరిపోతుంది, అమెరికా పాట్‌కు సుమారు 9.5 కావాలి. ఎవరో డ్రిల్‌తో వెడల్పు చేశారు. అంచులో చెక్క తెల్లగా, పీచులు లేచి ఉంది, అసలు రంధ్రం అంచైతే పాలిష్ తాగి నునుపుగా ఉంటుంది. నాబ్ ఎక్కించే పాట్ కాడకు ఉండే పళ్లు కూడా వేరు. జపాన్ దానికి 18, అమెరికా దానికి 24. పాత నాబ్‌ను బలవంతంగా ఎక్కించబోయి ఒకదాన్ని పగలగొట్టారు. వైర్ల టంకం చూస్తే, కర్మాగారంలో వేసినది చిన్నగా, మెరుస్తూ ఉంటుంది. ఇక్కడ శనగగింజంత ముద్దలు. తల వెనుక ట్యూనర్ల పక్కన, కొత్త స్క్రూల కింద నుంచి పాత రంధ్రాలు సగం సగం తొంగిచూస్తున్నాయి. అదనపు స్విచ్చు కోసం పైచెక్కకు పెట్టిన రంధ్రమే అన్నిటికంటే పెద్ద గాయం. అది పూడ్చినా మచ్చ మిగులుతుంది.

"పాత భాగాలు ఇంట్లో ఎక్కడైనా ఉన్నాయేమో వెతకండి" అని చెప్పి పంపాను. మార్పులు చేయించుకున్నవారు పాతవి పారేయడం అరుదు. వారం తర్వాత ఆయన ఒక బిస్కెట్ డబ్బాతో వచ్చారు. లోపల గిటారుతో వచ్చిన అసలు మాక్సన్ పికప్‌లు రెండూ ఉన్నాయి, అడుగున ముద్రించిన అంకెలు కూడా అలాగే ఉన్నాయి. పాట్‌లు, ఆరు ట్యూనర్లు, కాగితంలో పొట్లం కట్టిన స్క్రూలు కూడా ఉన్నాయి. అంత పద్ధతిగా దాచిన ఆ తమ్ముడిని నేను చూడలేకపోయినందుకు బాధగా అనిపించింది.

అపోహ: కొత్తగా రంగు వేయిస్తే మంచి ధర వస్తుంది.

దయచేసి అలా చేయకండి. గీతలు పడిన అసలు పాలిష్ ముందు అద్దంలా మెరిసే కొత్త రంగు నిలవదు. అతినీలలోహిత దీపం కింద పెడితే పాత పూత ఒక రకంగా, కొత్త పూత వేరే రకంగా మెరుస్తుంది, అతుకు దొరికిపోతుంది. ఆ దీపమే తల విరిగి అతికించిన చోట సన్నని గీతను కూడా చూపిస్తుంది. గిబ్సన్ తరహా వాలు తలలు పడితే విరుగుతాయి. బాగా అతికిస్తే నాదం చెడదు, ధర మాత్రం బాగా పడిపోతుంది.

అపోహ: పాత జపాన్ గిటారు అంటే అద్భుతమే.

1960ల వాటిలో ప్లైవుడ్ బాడీలు, లావైన నెక్‌లు ఎక్కువ. పని నాణ్యత నిజంగా పెరిగింది 1970ల మధ్య నుంచే. అయితే ఆ చవక గిటార్లలోని గోల్డ్ ఫాయిల్ పికప్‌లకు రై కూడర్ వంటి వాద్యకారుల వల్ల ఇప్పుడు విడిగా గిరాకీ ఉంది. ఆ పికప్‌లు పీకేసి మిగతాది అమ్మేవారున్నారు. కొనేముందు చూసుకోండి.

అపోహ: ఆన్‌లైన్‌లో అడుగుతున్న ధరే విలువ.

అడిగిన ధర ఆశ, అమ్ముడైన ధరే లెక్క. వాద్యాలు అమ్మే రివర్బ్ వెబ్‌సైటులో, జపాన్ యాహూ వేలంలో ముగిసిన అమ్మకాలు చూస్తాను. అదే మోడల్, అదే ఏడాది, ఏ మార్పూ లేనిది ఎంతకు పోయిందో అది నా మొదటి అంకె. అందులోంచి వెనక్కి తిప్పగలిగే పనుల కూలీ తీసేస్తాను, తిప్పలేని గాయాలకు ఇంకా గట్టిగా తగ్గిస్తాను. తర్వాత భాగాలన్నీ విడివిడిగా అమ్మితే ఎంతవుతుందో కూడి చూస్తాను. గిటారు ధర ఆ మొత్తం కంటే కిందికి పోకూడదు. దాన్ని తగ్గించి అడిగేవాడు భాగాల కోసమే వచ్చాడని అర్థం.

పెద్దాయన గిటారుకు అల్లుడు చెప్పిన లక్షలు రావని చెప్పాను. డబ్బా వల్ల అంతకుముందు నేను అనుకున్న అంకె కంటే ఎక్కువే వస్తుందని కూడా చెప్పాను. పాత పికప్‌లు, ట్యూనర్లు తిరిగి బిగించాను. నల్ల రంగు జోలికి వెళ్లలేదు, దాని కింద అసలు రంగు ఉందో లేదో తీసి చూడటం కొన్నవారి నిర్ణయం. గిటారు పెట్టెలో ఒక కాగితం పెట్టాను: 1978 జులై, పికప్‌లు అసలువి, ట్యూనర్లు అసలువి, పాట్ రంధ్రాలు వెడల్పు చేసినవి, ఒక రంధ్రం అదనం, బాడీ రంగు అసలుది కాదు, తల విరగలేదు.