ఆటకి ముందు షుగర్ చూసుకోవడం గురించి పిల్లలకి ఉత్తరం

పిల్లలూ,

మొన్న మీలో ఒకరు అడిగారు, పెద్దమ్మా నాకు టైప్ వన్ షుగర్ జబ్బు కదా, ఆడితే షుగర్ పడిపోతుందని అమ్మ భయపడుతోంది, నేను ఆడొచ్చా అని. ఆడొచ్చు నాన్నా, ఆడాలి కూడా. నేను చిన్నప్పట్నుంచి ఇన్సులిన్ మీదే ఉన్నా, పరిగెత్తడం మాత్రం మానలేదు. వసీం అక్రమ్‌కి ఈ జబ్బుందని 1997లో తెలిసింది, ఆ తర్వాత 2003 వరల్డ్ కప్‌లో కూడా బౌలింగ్ చేశాడు.

అసలు ఎందుకు పడిపోతుందంటే, ఈ జబ్బు లేనివాళ్ళు పరుగు మొదలెట్టగానే వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ దానంతటదే తగ్గిపోతుంది, లివర్ దాచుకున్న గ్లూకోజ్‌ని రక్తంలోకి వదుల్తుంది, అందుకే కండరాలు ఎంత లాగేసుకున్నా లెవెల్ నిలబడుతుంది. మనకి అలా కాదు, ఒకసారి వేసుకున్న ఇన్సులిన్‌ని వెనక్కి తీయలేం, అది దాని పని చేసుకుంటూనే పోతుంది, లివర్‌ని కూడా గ్లూకోజ్ వదలనివ్వదు.

నాకిది దెబ్బ తగిలాకే తెలిసింది. స్కూల్లో ఉన్నప్పుడు ఓసారి తిండి ముందు ఫుల్ డోస్ వేసుకుని, తిని, గంటకే పరుగు పందెంలో దిగాను. చెమటలు, వణుకు, గుండె దడ, అన్నీ పరుగు వల్లే అనుకున్నాను, ఆగకుండా పరిగెత్తాను, చివరికి ట్రాక్ మీదే కూలబడ్డాను. ఆటలో షుగర్ పడిపోవడం, అదే ‘లో’ అవ్వడం, ఇలాగే మోసం చేస్తుంది, అలసట లాగే ఉంటుంది. అందుకే డౌట్ వస్తే ఆగి చెక్ చేసుకోండి, మిషన్ దగ్గర లేకపోతే ముందు గ్లూకోజ్ తినేయండి.

తిన్న రెండు గంటల్లోపు ఆట ఉందంటే ఆ పూట డోస్ తగ్గించుకోవాలి, మామూలుగా 25 నుంచి 75 శాతం దాకా తగ్గిస్తారు, మీకెంత అన్నది మాత్రం మీ డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోండి, సొంతంగా వద్దు. ఒంటికి తగిలించుకునే ఇన్సులిన్ పంప్ ఉన్నవాళ్ళు బేసల్‌ని, అంటే రోజంతా కొద్దికొద్దిగా వెళ్ళే ఇన్సులిన్‌ని, ఆట మొదలయ్యాక తగ్గిస్తే లాభం తక్కువ, గంట గంటన్నర ముందే తగ్గించాలి. ఇంకోటి, తొడకి వేసుకుని వెంటనే పరిగెడితే ఇన్సులిన్ తొందరగా ఎక్కేస్తుంది.

దిగే ముందు మీటర్లో 126 నుంచి 180 మధ్య ఉంటే చాలామందికి బాగుంటుంది. 90 కంటే తక్కువుంటే 10 నుంచి 20 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, పెరిగాకే దిగండి. 250 దాటితే రక్తంలో కీటోన్స్ (ఇన్సులిన్ చాలనప్పుడు ఒళ్ళు కొవ్వు కరిగిస్తే తయారయ్యేవి) చూడండి, 1.5 గానీ ఆపైన గానీ ఉంటే ఆట లేదు, పెద్దవాళ్ళకి చెప్పండి. గడిచిన 24 గంటల్లో ఇంకొకళ్ళ సాయం కావాల్సినంత గట్టిగా లో అయ్యుంటే ఆ రోజు రెస్ట్, ఇందులో బేరాల్లేవు. ఆట మధ్యలో ప్రతి అరగంటకీ ఓసారి చూసుకోండి, ఒంటికి అంటించుకునే షుగర్ సెన్సార్ ఉన్నా సరే అది రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకుంటుంది, దాని తెర మీద బాణం కిందకి చూపిస్తుంటే నంబర్‌ని నమ్మకండి. 70 కంటే దిగితే ఆట ఆపేసి 15 గ్రాముల గ్లూకోజ్, 15 నిమిషాలాగి మళ్ళీ చెక్. గ్లూకోజ్ బిళ్ళలు ఎక్కడో దూరంగా పడేసిన బ్యాగులో కాదు, జేబులోనే ఉండాలి, పక్కనాడే ఫ్రెండ్‌కి కూడా ఆ జేబేదో తెలియాలి.

చిన్న చిన్న స్పీడ్ పరుగులకి ఒక్కోసారి షుగర్ పెరుగుతుంది కూడా, అప్పుడు కంగారుపడి ఇన్సులిన్ పొడుచుకోకండి, కాసేపటికి అదే దిగొచ్చు.

నాకు ఎక్కువ భయం రాత్రి గురించే. ఆటలో ఖాళీ అయిన కండరాలు గ్లూకోజ్‌ని మళ్ళీ నింపుకుంటూనే ఉంటాయి, సాయంత్రం ఆడితే అర్ధరాత్రి దాటాక, నిద్రలో షుగర్ పడిపోవచ్చు. పడుకునే ముందు చెక్ చేసి, ఇన్సులిన్ వేసుకోకుండా ఏదైనా కాస్త తినాలా, రాత్రి బేసల్ తగ్గించాలా అన్నది ముందే డాక్టర్‌ని అడిగి రాసిపెట్టుకోండి. అమ్మకి ఈ ఉత్తరం చూపించు నాన్నా, ఆడిన రోజు రాత్రి రెండింటికి అలారం పెట్టే పని తనకి అప్పజెప్పు, గ్రౌండ్‌కి పంపుతుంది.

మీ పెద్దమ్మ