వింటర్ ఫ్యూయల్, కోల్డ్ వెదర్, వార్మ్ హోమ్: బ్రిటన్ చలికాలపు సాయంపై అపోహలు - వాస్తవాలు

బ్రిటన్‌లో చలి మొదలవగానే తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో "గవర్నమెంటు హీటింగ్ డబ్బులు" అనే మాట తిరుగుతుంది. అది ఒక డబ్బు కాదు, మూడు. 2025-26 చలికాలానికి ఇంగ్లండ్, వేల్స్‌లో ఎవరికి ఏది వస్తుందో, జనం ఎక్కడ పొరబడుతున్నారో చూద్దాం.

అపోహ: మూడూ ఒకటే. ఒకటి వస్తే మిగతావీ వస్తాయి.

వింటర్ ఫ్యూయల్ పేమెంట్ వయసును బట్టి ఇచ్చేది. ఇంటికి 200 పౌండ్లు, 80 దాటినవారు ఉంటే 300. కోల్డ్ వెదర్ పేమెంట్ గడ్డకట్టే చలి పడిన వారానికి 25 పౌండ్లు. వార్మ్ హోమ్ డిస్కౌంట్ చేతికొచ్చే డబ్బు కాదు, కరెంటు బిల్లులో 150 పౌండ్ల తగ్గింపు. మొదటిదానికి పుట్టినతేదీ చూస్తారు. మిగతా రెండింటికీ, తక్కువ ఆదాయమున్న పెన్షనర్లకు ఇచ్చే పెన్షన్ క్రెడిట్‌లాంటి, ఆదాయం చూసి ఇచ్చే భృతి ఏదైనా మీకు వస్తుండాలి.

అపోహ: వింటర్ ఫ్యూయల్‌ను ఎత్తేశారు.

2024లో పెన్షన్ క్రెడిట్ వంటివి వచ్చేవారికే పరిమితం చేశారు. ఆ వార్తే ఇంకా జనం మనసులో ఉండిపోయింది. 2025లో మళ్లీ వయసు వచ్చిన అందరికీ ఇస్తున్నారు, ఆదాయం ఎక్కువున్నవారి దగ్గర మాత్రం తర్వాత వెనక్కి తీసుకుంటారు. 1959 సెప్టెంబరు 22 కంటే ముందు పుట్టి, 2025 సెప్టెంబరు 15-21 మధ్య ఇంగ్లండ్‌లోనో వేల్స్‌లోనో నివాసం ఉన్నవారు అర్హులు.

భార్యాభర్తలిద్దరూ అర్హులైతే 200 చొప్పున 400 రాదు. చెరి 100 వస్తుంది. ఇద్దరూ 80 దాటితే చెరి 150. ఒకరే దాటితే వారికి 200, రెండోవారికి 100. పెన్షన్ క్రెడిట్ తీసుకునే జంటకు మాత్రం మొత్తం ఒకరి ఖాతాలోనే పడుతుంది. "నాకు రాలేదు" అని కంగారుపడే ముందు అవతలివారి స్టేట్‌మెంట్ చూడండి. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, దాని పక్కన "డీడబ్ల్యూపీ డబ్ల్యూఎఫ్‌పీ" (DWP WFP) అన్న అక్షరాలుంటే అదే.

అపోహ: ఇద్దరికీ పన్ను పడే ఏడాది ఆదాయం కలిపి 35,000 పౌండ్లు దాటితే వింటర్ ఫ్యూయల్ వెనక్కి తీసుకుంటారు.

కలిపి చూడరు, ఎవరి లెక్క వారిదే. ఆయనకు ఏడాదికి 36,000, ఆమెకు 9,000 అనుకుందాం. ఆయన వాటా 100 వెనక్కి పోతుంది, ఆమె 100 ఆమెకే ఉంటుంది. అయితే గీత చాలా నిక్కచ్చి. 35,000 మీద ఒక్క పౌండు ఎక్కువున్నా ఆ మనిషి వాటా మొత్తం పోతుంది, దాటినంత మేరకే కాదు. పేయీ పద్ధతిలో (జీతం, పెన్షన్ ఇచ్చేటప్పుడే కోసి) పన్ను కట్టేవారికి ట్యాక్స్ కోడ్ మార్చి కోస్తారు, సెల్ఫ్ అసెస్‌మెంట్ వేసేవారికి ఆ రిటర్నులో లెక్కేస్తారు.

మనవాళ్లు దెబ్బతినేది ఇండియా ఆదాయం దగ్గర. ఎన్‌ఆర్‌ఈ (ప్రవాసులకు ఇండియా బ్యాంకుల్లో ఉండే ఖాతా) డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కాబట్టి ఇక్కడా లేదనుకుంటారు. బ్రిటన్‌లో పన్ను నివాసిగా ఉన్నవారికి ఆ వడ్డీ కూడా పన్ను పడే ఆదాయమే. హైదరాబాద్ ఫ్లాట్ అద్దె కూడా అంతే. ఐసా (పన్ను పడని పొదుపు ఖాతా) వడ్డీ, అటెండెన్స్ అలవెన్స్ (సాయం అవసరమైన పెద్దలకు ఇచ్చే భృతి) లెక్కలోకి రావు.

అపోహ: ఇక్కడ ఉద్యోగం చెయ్యని అమ్మకు ఏమీ రాదు.

వింటర్ ఫ్యూయల్‌కు నేషనల్ ఇన్సూరెన్స్ (సంపాదనలోంచి ప్రభుత్వానికి కట్టే చందా) కట్టి ఉండాలన్న షరతు లేదు. స్టేట్ పెన్షన్ లేకపోయినా, వయసూ నివాసమూ సరిపోతే వస్తుంది. కాకపోతే దానంతటది రాదు, అడగాలి. ఆఖరు తేదీ 2026 మార్చి 31. పెన్షన్ వాయిదా వేసుకుని, ఇంతకుముందెప్పుడూ ఈ డబ్బు తీసుకోనివారూ ఇలాగే అడగాలి.

అడ్డొచ్చేది వీసా. "పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ భృతులు) వాడకూడదు" అన్న షరతుంటే అడగకూడదు. విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉండి వెళ్లే తల్లిదండ్రులకు ఇవేవీ వర్తించవు. పిల్లలు హామీపత్రం ఇచ్చి శాశ్వత నివాసానికి రప్పించుకున్న పెద్దలు పెన్షన్ క్రెడిట్ అడగాలంటే మామూలుగా ఐదేళ్లు గడవాలి.

అపోహ: సొంతిల్లు, కాస్త పొదుపు ఉంటే పెన్షన్ క్రెడిట్ రాదు.

ఎక్కువమంది నష్టపోయేది ఈ మాట నమ్మే. మీరుండే ఇంటిని లెక్కలో కలపరు. పొదుపులో మొదటి 10,000 పౌండ్లు వదిలేస్తారు. ఆపైన ప్రతి 500కు, అందులో కొంత మిగిలినా సరే, వారానికి ఒక పౌండు ఆదాయం ఉన్నట్టు లెక్కేస్తారు.

నలభై ఏళ్లు దాటాక ఇక్కడికొచ్చి 20 ఏళ్లే నేషనల్ ఇన్సూరెన్స్ కట్టి, ఒంటరిగా ఉన్న మనిషిని తీసుకోండి. 2025-26లో పూర్తి కొత్త పెన్షన్ వారానికి 230.25, దానికి 35 ఏళ్లు కావాలి. 20 ఏళ్లకు వచ్చేది 131.57. బ్యాంకులో 14,200 ఉందనుకుంటే, 10,000 పోను 4,200. దాన్ని 500తో భాగిస్తే 8.4, అంటే 9 పౌండ్లు. మొత్తం 140.57. ఒంటరివారికి పెన్షన్ క్రెడిట్ గీత 227.10. ఆ తేడా 86.53 వారం వారం వస్తుంది. జంటకు గీత 346.60, కానీ ఇద్దరికీ పెన్షన్ వయసు వచ్చి ఉండాలి.

ఊళ్లో ఉన్న ప్లాటు, ఇండియా ఎఫ్‌డీలు మాత్రం ఆస్తే, దాచకండి. తర్వాత బయటపడితే ఎక్కువగా ఇచ్చినదంతా తిరిగి కట్టమంటారు.

పెన్షన్ క్రెడిట్ కోసం 0800 99 1234కు ఫోన్ చేసి అడగొచ్చు, ఇంగ్లిష్ ఇబ్బందైతే ఇంటర్‌ప్రెటర్ కావాలని మొదటే చెప్పండి. అప్పటికే అర్హత ఉంటే మూడు నెలల వెనకటి డబ్బూ వస్తుంది.

అపోహ: రాత్రి సున్నాకి దిగితే కోల్డ్ వెదర్ పేమెంట్ 25 పౌండ్లు పడతాయి.

నవంబరు 1 నుంచి మార్చి 31 లోపు, వరుసగా ఏడు రోజుల సగటు సున్నా డిగ్రీలు గానీ అంతకంటే తక్కువ గానీ ఉండాలి. రాత్రి మైనస్ 3, పగలు 4 అయితే ఆ రోజు సగటు అర డిగ్రీ. వారమంతా అలాగే ఉంటే ఏమీ రాదు. అదే మధ్యలో ఒక రోజు కాస్త వెచ్చగా ఉన్నా, ఏడు రోజుల సగటు సరిపోతే వస్తుంది. చూసేది మీ పెరట్లో థర్మామీటర్ కాదు, మీ పోస్ట్‌కోడ్‌కు కేటాయించిన వాతావరణ కేంద్రాన్ని. పక్క వీధికి వచ్చి మీకు రాకపోవడానికి కారణం అదే కావచ్చు.

అపోహ: కరెంటు బిల్లు ఎవరి పేరున ఉన్నా వార్మ్ హోమ్ డిస్కౌంట్ వస్తుంది.

రాదు. 2025 ఆగస్టు 24 నాటికి భృతి అందుకుంటున్న మనిషి పేరో, వారి భార్య లేదా భర్త పేరో బిల్లు మీద ఉండాలి. అమ్మకు పెన్షన్ క్రెడిట్, బిల్లు కొడుకు పేరున అంటే తప్పిపోతుంది. ప్రీపేమెంట్ మీటరున్నా అర్హతే. కరెంటు, గ్యాసు ఒకే కంపెనీవైతే తగ్గింపును గ్యాసు వైపు వెయ్యమని అడగొచ్చు.

స్కాట్లండ్‌లో దారి వేరు. అక్కడ పెన్షనర్లకు 203.40 లేదా 305.10. కోల్డ్ వెదర్‌కు బదులు, చలి ఎంతున్నా ఒకేసారి 59.75 ఇస్తారు.

"మీ వింటర్ ఫ్యూయల్ పెండింగులో ఉంది, ఈ లింకు నొక్కండి" అని మెసేజ్ వస్తే అది దొంగ మెసేజే. అర్హులకు ఈ డబ్బు ఇవ్వడానికి మెసేజ్ పంపి బ్యాంకు వివరాలు అడగరు. దాన్ని 7726కు ఫార్వర్డ్ చేసి డిలీట్ చేసేయండి.