అలక గుంతకల్లు ప్లాట్‌ఫాం దాకా

మా రాయలసీమ పక్క అలిగిన పిల్లోడికి ఒకప్పుడు పోయే చోటుండేది. నాయన నలుగురిలో "నువ్వెందుకూ పనికిరావురా" అన్నాడంటే పోయి వామి చాటున కూర్చునేవాడు. ఇంకా రోషమొస్తే పక్కూళ్లో ఉన్న అవ్వ దగ్గరికి నడిచిపోయేవాడు. నేనూ పోయినాను. అవ్వ ఏమీ అడగలేదు. సంగటి ముద్దలో గుంత చేసి, ఊరిబిండి వేసి, తినేదాకా పక్కనే కూర్చుంది. పొద్దుగూకే వేళకు నాయన వచ్చి సైకిల్ వెనక ఎక్కించుకుపోయినాడు. పారిపోయినాడని ఎవరూ అనలేదు. అలిగినాడు, అంతే.

బిడ్డను మొహం మీద మెచ్చుకోకపోవడం మనకు నిన్నామొన్నా వచ్చిన అలవాటు కాదు. దిష్టి తగులుతుందంటారు, నెత్తికెక్కుతాడంటారు. భారవి కథ చిన్నప్పుడు అందరం విన్నదే. తండ్రి ఎన్నడూ మెచ్చుకోలేదని కక్షగట్టి, బండ పట్టుకుని అటక మీద పొంచి ఉంటాడు. కన్నవాళ్లు పొగిడితే బిడ్డకు ఆయుక్షీణమని తండ్రి తల్లితో అంటుంటే విని కూలబడిపోతాడు. ఆ తండ్రి ప్రేమకు మనం కళ్లు తుడుచుకుంటాం. ఆ ఒక్క మాట కోసం కొడుకు ఎన్నేళ్లు కాచుకున్నాడో ఏ పంతులూ చెప్పగా నేను వినలేదు.

అయినా అప్పట్లో ఇల్లు నెట్టుకొచ్చిందంటే, నాయన దాచుకున్న మాట ఇంకొకరి నోట వచ్చేది కాబట్టే. అవ్వ మెటికలు విరిచేది. మేనమామ భుజం తట్టేవాడు.

ఆ ఇల్లు చెదిరింది. అనంతపురంలో వానలు ఎగ్గొట్టి శెనక్కాయ పంట పోయినప్పుడల్లా జనం బెంగళూరు దారి, కేరళ దారి పట్టారు. కర్నూలు పడమటి పల్లెల్లో, ఆదోని, కోసిగి, కౌతాళం పక్క, సుగ్గికి, అంటే కోతల కాలం వలసకు, పోవడం ఏటా ఉండేదే. మిరపకోతలకు, పత్తి తీయడానికి గుంటూరు వైపు ఇళ్లకు ఇళ్లే కదులుతాయి. పిల్లోడు ఉంటే అవ్వ దగ్గరుంటాడు, లేదా వలసపోయినవాళ్ల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్లో. ఇప్పుడు బడికి తరిమేదీ అవ్వే, ఫోన్ లాక్కునేదీ అవ్వే, ఓదార్చాల్సిందీ అవ్వే. ఆమె మీదే అలిగితే పోవడానికి ఇంకో గడప లేదు.

కాస్త కలిగినవాళ్ల పిల్లల బాధ వేరే. అప్పు చేసి రెసిడెన్షియల్ కాలేజీలో చేరుస్తారు. మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారు. ఆదివారం ఫోన్లో ఇంటివాళ్లు మొదట అడిగేది ర్యాంకు. తిన్నావా అన్నది తర్వాత.

రైలు మాత్రం ఎప్పుడూ దగ్గరే. మద్రాసు నుంచి కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా వేసిన లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. గుంతకల్లులో నిలబడితే ముంబై, చెన్నై, బెంగళూరు, హుబ్లీ, ఏ దిక్కుకైనా బండి దొరుకుతుంది. ఇల్లు విడిచొచ్చిన పిల్లోడు అక్కడ నిలబడతాడు. స్కూలు చొక్కా, భుజాన సంచి, చేతిలో సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్, టికెట్ లేదు. ఏ బండి ముందొస్తే అదే ఆ పిల్లోడి ఊరు.

అలాంటి పిల్లోణ్ని చట్టం చూసే చూపు మారడానికి చాలా కాలం పట్టింది. సీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు 1920 నాటి పిల్లల చట్టం ఉండేది. దిక్కులేక తిరిగే పిల్లలను కోర్టు ముందు నిలబెట్టి సర్టిఫైడ్ స్కూలుకు, అంటే సర్కారు గుర్తించిన దిద్దుబాటు బడికి, పంపే కాలం అది. 1986 నాటి బాలల న్యాయ చట్టం "నిర్లక్ష్యానికి గురైన బాలలు" అంది. 2000 చట్టం "సంరక్షణ అవసరమైన బాలలు" అని పేరు మార్చి, అలాంటి పిల్లల సంగతి తేల్చే బాలల సంక్షేమ కమిటీలను తెచ్చింది. 2016 జనవరి నుంచి అమల్లో ఉన్న 2015 చట్టం ఇల్లు విడిచిన పిల్లలను ఆ కోవలోనే ఉంచింది. దొరికిన 24 గంటల్లో, ప్రయాణ సమయం కాక, కమిటీ ముందుకు తీసుకురావాలి. పిల్లలు కనపడటం లేదని వచ్చిన ప్రతి ఫిర్యాదుకూ ఎఫ్‌ఐఆర్ కట్టాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. "రెండ్రోజులు చూడండి, వాడే వస్తాడు" అని తిప్పి పంపడానికి వీల్లేదు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1996లో ముంబైలో మొదలైన 1098 ఫోన్ నంబరు ఇప్పుడు ప్రభుత్వాల చేతిలో నడుస్తోంది. ఎవరైనా, పిల్లలైనా, డబ్బు లేకుండా చేయొచ్చు.

2015 చట్టంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఒక నివేదిక. పిల్లోడి ఇల్లూ వాకిలీ విచారించి, ఎందుకు వెళ్లాడో సోషల్ వర్కర్ 15 రోజుల్లో రాయాలి. నాయన సంతకం పెట్టి తీసుకుపోతే సరిపోదన్నమాట. అయితే ఆ మనిషి కోసిగి పక్క పల్లెకు పోయేసరికి ఇంటికి తాళం ఉండొచ్చు. సుగ్గికి పోయినవాళ్లలో చాలామంది ఉగాదికి గానీ తిరిగి రారు. అప్పటిదాకా పిల్లోడు చిల్డ్రన్ హోంలోనే.