పది టిక్కీల సరుకు, ఇరవై రెండేళ్ల బేరం

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ అంటే మిరపకాయల బస్తా. నలభై కిలోలు, కాస్త అటూ ఇటూ. ముఠా కూలీ ఒక్కడే వీపు మీద వేసుకుని లారీలోకి ఎక్కించేస్తాడు. సీజన్లో యార్డు నిండా గుట్టలు పడి ఉన్నప్పుడు పది టిక్కీలు కంటికి కూడా ఆనవు.

2025 జూన్ మధ్యనాటికి ఇరాన్ దగ్గర 60 శాతం దాకా శుద్ధి చేసిన యురేనియం 440 కిలోల పైచిలుకు ఉందని అంతర్జాతీయ అణు ఇంధన సంస్థ అంచనా. యార్డు లెక్కలో పది, పదకొండు టిక్కీలు. అదే సంస్థ కొలమానం ప్రకారం ఈ రకం సరుకు 42 కిలోలుంటే, ఇంకాస్త శుద్ధి చేసి ఒక బాంబు చేయొచ్చు. టిక్కీకి ఒక బాంబన్నమాట.

యార్డు దగ్గర కమీషన్ కొట్టు నడిపే మా బాబాయి, పేపర్లో ఇరాన్ వార్త కనపడినప్పుడల్లా ఒకటే అడుగుతాడు. "2015లో ఒప్పందం అయిపోయిందన్నారు కదరా, మళ్లీ మొదటికెందుకొచ్చింది?" ఆయనకు విడివిడిగా చెప్పిన సంగతులే ఇక్కడ ఒక వరుసలో పెడుతున్నాను.

ముందు ఈ శాతాల గోల తేల్చుకోవాలి. అది అర్థం కాకపోతే చర్చల్లో ఎవరు దేనికి పట్టుబడుతున్నారో తెలియదు. భూమిలో దొరికే యురేనియంలో, మన కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వేదాంట్లో కూడా, రియాక్టర్‌కైనా బాంబుకైనా కావలసిన యురేనియం-235 వెయ్యికి ఏడు పాళ్లే. కళ్లంలో కూర్చుని తాలుకాయలు ఏరే ఆడవాళ్లను గుర్తు తెచ్చుకోండి. కాకపోతే ఇక్కడ కథ తిరగబడింది. వెయ్యి కాయల్లో 993 తాలు, ఏడే మంచివి. 800 తాలు ఏరేస్తే 200లో ఏడు మిగులుతాయి. అది మూడున్నర శాతం, కరెంటు తీసే రియాక్టర్‌కు చాలు. ఇంకో 165 ఏరితే 35లో ఏడు, అంటే 20 శాతం. మరో 23 తీస్తే 12లో ఏడు, దాదాపు 60 శాతం. ఆపైన నాలుగంటే నాలుగు తీస్తే ఎనిమిదిలో ఏడు. 90 శాతానికి దగ్గరపడినట్టే, అది బాంబు సరుకు. మొదటి మెట్టుకు 800 ఏరాలి, చివరి మెట్టుకు నాలుగు చాలు. 60 శాతం అన్న మాట వినగానే దౌత్యవేత్తలకు టెన్షన్ ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది.

ఈ ఏరివేత చేసే యంత్రమే సెంట్రిఫ్యూజ్. యురేనియాన్ని వాయువుగా మార్చి సన్నటి గొట్టంలో విపరీతమైన వేగంతో తిప్పితే బరువైనది అంచుకు, తేలికైన 235 మధ్యకు జరుగుతుంది. ఒక్కో యంత్రం ఏరేది కొంచెమే, అందుకే వందలూ వేలూ గొలుసుగా కలుపుతారు. యంత్రాలెన్ని, శాతమెంత, నిల్వ ఎంత? ఇన్నేళ్ల బేరమూ ఈ మూడు అంకెల మీదే.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. విచిత్రమేమిటంటే, ఇరాన్ అణు కార్యక్రమానికి కొబ్బరికాయ కొట్టింది అమెరికాయే. ఇరాన్ రాజు షా పాలనలో 1957లో రెండు దేశాలూ పౌర అణు సహకార ఒప్పందం చేసుకున్నాయి. 1967లో టెహ్రాన్‌లో 5 మెగావాట్ల పరిశోధనా రియాక్టర్‌ను అమెరికానే ఇచ్చింది. 1968లో ఇరాన్ అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం మీద సంతకం చేసింది. బాంబు చేయబోమని మాటిచ్చిన దేశాలకు శాంతియుత అణుశక్తి మీద హక్కుంటుందని అందులో ఉంది. శుద్ధి కూడా ఆ హక్కులో భాగమేనని ఇరాన్ అంటుంది. ఆ మాట ఒప్పందంలో ఎక్కడుందని అమెరికా అడుగుతుంది.

షా ఆశ పెద్దది, 23,000 మెగావాట్ల అణు విద్యుత్తు. బుషెహర్‌లో ప్లాంటు కట్టే పని జర్మన్ కంపెనీకి ఇచ్చాడు. ఫ్రాన్స్‌లో కట్టబోయే యూరోడిఫ్ అనే శుద్ధి కర్మాగారంలో 10 శాతం వాటా తీసుకుని, 100 కోట్ల డాలర్లు అప్పుగా ఇచ్చాడు. 1979లో విప్లవం వచ్చింది. కొత్త ప్రభుత్వం ముందు ఆ సరుకు మాకొద్దంది, డబ్బు తిరిగిమ్మంది. తర్వాత మనసు మార్చుకుని సరుకు అడిగితే ఫ్రాన్స్ ఇవ్వనంది. ఆ పంచాయితీ 1991 దాకా తెగలేదు. "అడ్వాన్సు కట్టించుకుని సరుకు ఆపితే ఇక ఆ కొట్టు గడప ఎవడు తొక్కుతాడు?" అన్నాడు బాబాయి. టెహ్రాన్ వాదన కూడా అచ్చంగా ఇదే. ఇంధనం మేమిస్తాం, మీరు శుద్ధి చేసుకోవద్దు అని ఎవరన్నా ఇరాన్ వాళ్లు యూరోడిఫ్ కథే ఎత్తుతారు.

అవతలివాళ్ల అనుమానానికీ కారణాలున్నాయి. ఇరాక్‌తో యుద్ధం నడుస్తున్న 1980ల్లోనే పాకిస్తాన్ శాస్త్రవేత్త ఏక్యూ ఖాన్ ముఠా ద్వారా సెంట్రిఫ్యూజ్ డ్రాయింగులు గుట్టుగా ఇరాన్ చేరాయి. నతాంజ్‌లో శుద్ధి కేంద్రం కడుతున్న సంగతి 2002 ఆగస్టులో ప్రవాస ప్రతిపక్ష వర్గం బయటపెడితే గానీ లోకానికి తెలియలేదు. 2003 దాకా బాంబుకు సంబంధించిన పనులు ఒక పద్ధతిగా సాగాయని అణు ఇంధన సంస్థ 2015 నివేదికలో తేల్చింది. దాచి చేసిన పనికి హక్కు అనే పేరు పెడితే ఎదుటివాడు వెంటనే నమ్మడు.

2003 అక్టోబరులో బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ విదేశాంగ మంత్రులు టెహ్రాన్ వెళ్లారు. ఇరాన్ తరఫున బేరం నడిపింది హసన్ రౌహానీ. తాత్కాలికంగా శుద్ధి ఆపడానికి ఒప్పుకున్నారు. ఆ ఏడాది మొదట్లో నతాంజ్‌లో తనిఖీదారులు చూసింది 160 యంత్రాలే. నా లెక్కలో బేరం అన్నిటికన్నా చవగ్గా కుదరగలిగిన ఘడియ అదే. పరిమితంగా శుద్ధి చేసుకోనివ్వండి అని ఇరాన్ అడిగింది. ఒక్క యంత్రం కూడా తిరగకూడదని అమెరికా పట్టుబట్టింది. యూరప్ వాళ్లు మధ్యలో నలిగిపోయారు. 2005లో అహ్మదీనెజాద్ అధ్యక్షుడయ్యాడు, పనులు మళ్లీ మొదలయ్యాయి. ఆ సెప్టెంబరులో అణు ఇంధన సంస్థ బోర్డులో ఇరాన్‌కు వ్యతిరేకంగా మన దేశం ఓటేసింది. అమెరికాతో మన సొంత అణు ఒప్పందం అప్పుడే మొదలైందన్న సంగతి మరిచిపోకూడదు.

తర్వాతి ఎనిమిదేళ్లూ ఒకటే పాట. భద్రతా మండలి ఆంక్షలు వేసింది, ఇరాన్ యంత్రాలు పెంచింది. 2009లో ఖోమ్ దగ్గర కొండ కింద ఫోర్డో కేంద్రం బయటపడింది. స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ వైరస్ నతాంజ్ యంత్రాలను పాడు చేసింది, శాస్త్రవేత్తలు హత్యకు గురయ్యారు. అయినా 2013 నాటికి బిగించిన సెంట్రిఫ్యూజ్‌లు 19 వేల దాకా చేరాయి. 160 దగ్గర సున్నా కావాలన్నవాళ్లు 19 వేల దగ్గర కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది.

ఇక్కడే ఒమన్ రంగంలోకి దిగింది. పాతకాలం పశువుల సంతలో తువాలు కింద చేతులు పెట్టి వేళ్లతో ధర చెప్పుకునేవాళ్లు. చుట్టూ ఉన్నవాళ్లకు అంకె తెలియదు, బేరం చెడినా ఎవరి పరువూ పోదు. అమెరికా, ఇరాన్ అధికారులు మస్కట్‌లో రహస్యంగా కలిసింది అలాగే. సుల్తాన్ ఖబూస్ తువాలు పరిచాడు. 2013 నవంబరులో జెనీవాలో తాత్కాలిక ఒప్పందం కుదిరింది. 2015 జులై 14న వియన్నాలో అసలు ఒప్పందం మీద ఒక మాటకొచ్చారు. అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ ఒకవైపు, ఇరాన్ ఒకవైపు, సమన్వయానికి యూరోపియన్ యూనియన్.

శుద్ధి 3.67 శాతం దాటకూడదు. నిల్వ 300 కిలోలు మించకూడదు. నతాంజ్‌లో పాత రకం యంత్రాలు 5,060 మాత్రమే తిరగాలి. దాదాపు 11 టన్నుల సరుకును ఇరాన్ ఓడ ఎక్కించి రష్యాకు పంపేసింది. వీటన్నిటికన్నా నాకు ముఖ్యంగా కనిపించేది తనిఖీ. కెమెరాలు, సీళ్లు, గని నుంచి యంత్రాల తయారీ దాకా లెక్క. మాట మీద నమ్మకం లేకపోయినా ఫర్వాలేదు, కాటా దగ్గర మనిషి ఉంటాడు. బదులుగా అణు కార్యక్రమం మీద వేసిన ఆంక్షలు ఎత్తేశారు.

లోపాలు లేవని కాదు. కొన్ని పరిమితులు పదేళ్లకు, కొన్ని పదిహేనేళ్లకు తీరిపోతాయి. క్షిపణుల ఊసు లేదు. ఇజ్రాయెల్ మొదటి నుంచీ వద్దంటూనే ఉంది. అన్నిటికన్నా పెద్ద లోపం, అమెరికా సెనేట్ దాన్ని ఆమోదించలేదు. 2018 మే 8న ట్రంప్ ఒప్పందం నుంచి బయటికి నడిచాడు. అప్పటికి ఇరాన్ మాట తప్పిందని తనిఖీదారులు చెప్పలేదు. "చిట్టీ రాసుకున్నాక కాదంటే ఎట్లా?" అన్నాడు బాబాయి. చిట్టీ మీద షావుకారు సంతకం ఉంది బాబాయ్, కాకపోతే అక్కడ నాలుగేళ్లకోసారి షావుకారు మారొచ్చు అన్నాను. ఆయనకు ఈ వ్యాపారం బొత్తిగా నచ్చలేదు.

ఇరాన్ ఏడాది ఆగి, 2019 నుంచి ఒక్కో గీతా దాటుతూ పోయింది. 2021 ఏప్రిల్లో నతాంజ్‌లో విధ్వంసం జరిగిన కొద్ది రోజులకే 60 శాతం మొదలుపెట్టింది. బైడెన్ హయాంలో వియన్నాలో నెలల తరబడి మాట్లాడుకున్నా పని కాలేదు. తర్వాతి అధ్యక్షుడు మళ్లీ తప్పుకోడని హామీ ఇవ్వమని ఇరాన్ అడిగింది. అలాంటి హామీ ఏ అధ్యక్షుడూ ఇవ్వలేడు.

మనకేమిటి అంటారా? గుంటూరు మిర్చి ఎక్కువగా చైనా, బంగ్లాదేశ్, శ్రీలంక, థాయ్‌లాండ్ వైపు పోతుంది, ఇరాన్ మన గిరాకీ కాదు. దెబ్బ వేరే దారిలో వస్తుంది. 2019 మేలో అమెరికా తన ఆంక్షల నుంచి ఇచ్చిన మినహాయింపులు ఆపేయడంతో ఇరాన్ చమురు కొనడం మన దేశం మానుకుంది. గల్ఫ్ చమురు ఓడలు వెళ్లే హోర్ముజ్ జలసంధిలో అలజడి రేగితే లారీ డీజిల్, వంటగ్యాస్, యూరియా మూడూ కదులుతాయి.

2025 ఏప్రిల్ 12న మళ్లీ మస్కట్. అమెరికా తరఫున మళ్లీ అధ్యక్షుడైన ట్రంప్ దూత విట్కాఫ్, ఇరాన్ తరఫున విదేశాంగ మంత్రి అరాఘ్చీ, మధ్యలో ఒమన్ విదేశాంగ మంత్రి. విట్కాఫ్ ఒకరోజు 3.67 శాతం అన్నాడు, మర్నాడే మొత్తం ఆపాలన్నాడు. 2005లో చెడిన చోటే మళ్లీ తట్టుకున్నారు. ఐదు విడతలు గడిచాయి. ఆరోది జూన్ 15న అనుకున్నారు. జూన్ 13న ఇజ్రాయెల్ దాడి చేసింది. 22న అమెరికా ఫోర్డో, నతాంజ్, ఇస్ఫహాన్ అణు కేంద్రాల మీద బాంబులు వేసింది. 24న కాల్పులు ఆగాయి. ఆ తర్వాత ఇరాన్ తనిఖీ సంస్థతో సహకారాన్ని నిలిపేస్తూ చట్టం చేసింది. ఆగస్టు 28న యూరప్ మూడు దేశాలూ 2015 ఒప్పందంలోని ఒక షరతును బయటికి తీశాయి. ఇరాన్ మాట తప్పితే భద్రతా మండలి పాత ఆంక్షలన్నీ తిరిగొచ్చే షరతు అది. సెప్టెంబరు 28 నుంచి అవి మళ్లీ అమల్లోకి వచ్చాయి. ఆ షరతు గడువు తీరడానికి అప్పటికి మూడు వారాలే ఉంది.

కోల్డ్ స్టోరేజీల్లో పాత సరుకు ఎంతుందో తెలియనప్పుడు యార్డులో పుకార్లదే రాజ్యం. ఒకడు లక్షల టిక్కీలంటాడు, ఇంకొకడు ఖాళీ అంటాడు, ధర ఊగుతుంది. "ఇంతకీ ఆ పది టిక్కీలు ఎక్కడున్నాయిరా?" అన్నాడు బాబాయి. చాలా భాగం ఇస్ఫహాన్ సొరంగాల్లో ఉండొచ్చని అణు ఇంధన సంస్థ అధిపతి గ్రోసీ అన్నాడు. దాడుల తర్వాత ఆ సెప్టెంబరు దాకా అక్కడికి వెళ్లి కాటా వేసినవాళ్లు లేరు. 2025 సెప్టెంబరు నివేదికలో ఆ సంస్థ రాయగలిగింది కూడా జూన్ 13 నాటి అంచనానే, 440.9 కిలోలు.